కౌలు సొమ్ముతో పదిహేనేళ్లు: అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జమాఖర్చులపై ఒక సమీక్ష

2024 నవంబరు 18న గచ్చిబౌలి స్టేడియంలో భారత్, మలేషియా జట్ల మధ్య జరిగిన ఫ్రెండ్లీ మ్యాచ్‌కు మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు గోలు వదిలి ముందుకు వచ్చి, బంతిని అందుకోలేకపోవడంతో పాలో జోసువే ఖాళీ గోలులోకి బంతిని తన్నాడు. 39వ నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టి లెక్క సమం చేశాడు. ఆట 1-1 దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాదంతా మన పురుషుల జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా టికెట్ కొన్నందుకు నాకు విచారం లేదు కాబట్టి ఈ సమీక్ష ఆట గురించి కాదు. ఆ ఆటను మనకు అమ్మే దుకాణం గురించి, అంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డబ్బును ఎక్కడి నుంచి తెస్తుంది, ఎలా వాడుతుంది, టికెట్ కొన్న మనిషికి బదులుగా ఏమిస్తుంది అన్న దాని గురించి.

ఆ సాయంత్రం గేటుకు కాస్త దూరంలో, ఆగి ఉన్న ఆటోకు తాడు కట్టి, ఒక కుర్రాడు నీలం చొక్కాలు వేలాడదీసి అమ్ముతున్నాడు. మా అబ్బాయి ఎంచుకున్న చొక్కా వీపు మీద 11 అంకె, దానిపైన ఛెత్రీ పేరు ఉన్నాయి. సునీల్ ఛెత్రీ అప్పటికి అయిదు నెలల కిందటే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు కదా, ఇప్పుడు ఆడుతున్నవాళ్ల పేర్లతో లేవా అని అడిగితే, "ఛెత్రీ పేరుంటేనే పోతయి సార్, వేరేటోళ్ల పేర్లు ఏపిస్తే అన్నీ నాకే మిగుల్తయి" అన్నాడు. ఆ నకిలీ చొక్కా ధరలో సమాఖ్యకు పైసా కూడా చేరదన్నది తెలిసిన సంగతే. కానీ తన సరుకులో ఏది పోతుందో, ఏది మిగులుతుందో ఆ కుర్రాడికి తెలిసినంత బాగా సమాఖ్యకు తెలుసా అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

1937లో సిమ్లాలో పుట్టిన ఈ సమాఖ్య చట్టం దృష్టిలో లాభాపేక్ష లేని సొసైటీ. అందువల్ల దాని వార్షిక లెక్కల్లో లాభనష్టాల ఖాతాకు బదులు ఆదాయ వ్యయాల ఖాతా ఉంటుంది, మిగులు ఉన్నా పంచుకునే వాటాదారులు ఉండరు. చిన్న చిన్న సంస్థల లెక్కలు రాసి బతికేవాణ్ని గనక ఎవరి పద్దులు చూసినా నేను మొదట వెతికేది ఒకటే: వీళ్లకు డబ్బిచ్చేవాళ్లలో అందరికన్నా పెద్దవాడు రేపు రానంటే, వీళ్లు ఎన్నాళ్లు నిలబడతారు? ఫుట్‌బాల్ సమాఖ్య విషయంలో ఈ ప్రశ్నకు 2025లో అందరి కళ్లముందే జవాబు దొరికింది.

జీ స్పోర్ట్స్‌తో చేసుకున్న పదేళ్ల ఒప్పందం మధ్యలోనే తెగిపోయిన తరువాత, 2010 డిసెంబరు 9న సమాఖ్య ఐఎంజీ-రిలయన్స్ అనే క్రీడా వ్యాపార సంస్థతో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం రాసుకుంది. జాతీయ జట్టు, లీగులు, ప్రసారం, స్పాన్సర్లు, జట్టు పేరుతో అమ్మే వస్తువులు, కొత్త లీగు పెట్టుకునే హక్కు, ఇలా అమ్ముకోదగినవన్నీ ఒకే చేతికి వెళ్లాయి. ఆ చేయే తరువాత ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్ అనే సంస్థ అయింది, 2014లో ఇండియన్ సూపర్ లీగ్‌ను మొదలుపెట్టింది. 700 కోట్లను పదిహేనుతో భాగిస్తే ఏడాదికి సగటున 46 కోట్ల 67 లక్షలు. చివరి సంవత్సరాలలో ఏటా 50 కోట్లు, లేదా స్థూల ఆదాయంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది చెల్లించాలన్నది షరతు.

పల్లెలో పొలం ఉండి పట్నంలో కాపురం ఉండేవారికి ఈ ఏర్పాటు గురించి విడమరిచి చెప్పనక్కరలేదు. పండినా ఎండినా ఇంత అని ముందే మాట్లాడుకుంటే అది మక్తా, పంటలో ఇంత అనుకుంటే అది పాలు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇమ్మని రాయించుకున్న ఆసామి తెలివైనవాడనే అనిపిస్తుంది. కానీ 20 శాతం పాలు 50 కోట్ల మక్తాను మించాలంటే స్థూల ఆదాయం 250 కోట్లు దాటాలి. మన సమాఖ్య మక్తా తీసుకుని తృప్తిపడింది. తృప్తిపడటంలో తప్పేమీ లేదు. ఆ డబ్బుతోనే కింది స్థాయి లీగులు, వయోవర్గాల జట్లు, సిబ్బంది జీతాలు నడిచాయి. తప్పల్లా పదిహేనేళ్లపాటు పొలం గట్టు ఎక్కకపోవడం. ప్రసార హక్కులు ఎలా అమ్మాలి, స్పాన్సరును ఎలా వెతకాలి, చొక్కా మీద ఎవరి పేరుంటే పోతుంది అన్న పనులు తెలిసిన మనుషులు కౌలుదారు దగ్గర తయారయ్యారు, ఆసామి దగ్గర తయారు కాలేదు.

గడువు 2025 డిసెంబరు 8న ముగుస్తుందని 2010 నుంచీ కాగితం మీద ఉన్నదే. అయినా ఆ ఏడాది జూలై 11న, ఒప్పందం సంగతి తేలేదాకా 2025-26 లీగు నిర్వహించలేమని కౌలుదారు ఉత్తరం రాసినప్పుడు సమాఖ్య చేతిలో మరో దారి లేకపోయింది. సమాఖ్య నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉండటం వల్ల పెద్ద ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ లేకపోయిందన్న వాదనలో నిజముంది. అయితే పదిహేనేళ్ల గడువులో ఆఖరి ఆరు నెలల కష్టానికే ఆ సాకు సరిపోతుంది. సెప్టెంబరు 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం కొత్త నియమావళిని ఆమోదించింది. ఆ నియమావళి ముసాయిదా తయారుచేసింది విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. జస్టిస్ నరసింహ, ఆయన, ఇద్దరూ తెలుగువారే. జాతీయ జట్టులో తెలుగు పేరు కనబడటం అరుదైపోయిన కాలంలో ఫుట్‌బాల్‌తో మనకు మిగిలిన బంధుత్వం ఇలా న్యాయస్థానం ద్వారా వచ్చిందన్నమాట.

అక్టోబరు 16న సమాఖ్య కొత్త టెండరు పిలిచింది: 15 ఏళ్ల హక్కులకు ఏటా కనీసం 37 కోట్ల 50 లక్షలు, లేదా స్థూల ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 5 శాతం వాటా 37 కోట్ల 50 లక్షలను దాటాలంటే ఆదాయం 750 కోట్లు కావాలి. పాత ఒప్పందంలో 250 కోట్ల దగ్గర ఉన్న గీత కొత్తదానిలో మూడింతలు పైకి జరిగింది. అంటే పంటలో పాలు అన్నది మాటవరసకే మిగిలింది, నిజంగా అడిగింది మక్తా ఒక్కటే. అదీ పాతదానికన్నా పావువంతు తగ్గించి అడిగారు. అయినా నవంబరు 7న గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డు కూడా పడలేదు.

ఎందుకు పడలేదన్నదానికి సమాఖ్యను ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. 2024 నవంబరులో స్టార్, వయాకామ్18 ఒకటైపోవడంతో ప్రసార హక్కులకు పోటీపడే ఇద్దరు పెద్ద బేరగాళ్లు ఒక్కరయ్యారు. పశువుల సంతకు ఒక్కడే కొనుగోలుదారు వస్తే ఎద్దు ధర ఎంత పలుకుతుందో రైతుకు తెలుసు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టం రావడంతో క్రీడలకు ధారాళంగా ప్రకటనలిచ్చే ఒక రంగమే మూతపడింది. ఏళ్ల తరబడి నష్టాలు మోసిన క్లబ్బులు అలసిపోయి ఉన్నాయి. వీటికి తోడు, పెద్ద లీగు మీద అధికారం సమాఖ్యదే అని నియమావళి చెబుతుంటే, డబ్బు హామీ ఇచ్చి పెత్తనం వదులుకోవడానికి వ్యాపారి ఎందుకు ముందుకొస్తాడు? చివరికి కేంద్ర క్రీడామంత్రి జోక్యం చేసుకుని, 14 క్లబ్బులతో లీగు ఫిబ్రవరి 14న మొదలవుతుందని 2026 జనవరి 6న ప్రకటించవలసి వచ్చింది.

ఇలాంటి కౌలు మన దేశంలోనే ఉన్నదనుకుంటే పొరపాటు. అమెరికా సాకర్ సమాఖ్య కూడా తన వాణిజ్య హక్కులను 2004 నుంచి అక్కడి మేజర్ లీగ్‌కు చెందిన సాకర్ యునైటెడ్ మార్కెటింగ్ అనే సంస్థకు అప్పగించి, దాని నుంచి హామీ సొమ్ము తీసుకుంటూ వచ్చింది. అయితే ఆ ఒప్పందం 2022 చివర ముగుస్తుందనగా, 2021 మే నెలలోనే ఇకపై సొంతంగా అమ్ముకుంటామని ప్రకటించి, ఏడాదిన్నర ముందు నుంచే సొంత సేద్యానికి సిద్ధమైంది. 2023 నుంచి టర్నర్ సంస్థకు ఎనిమిదేళ్ల ప్రసార హక్కులు అమ్మింది. వాళ్ల మార్కెట్టు వేరు, మన మార్కెట్టు వేరు అన్నది ఒప్పుకుంటాను, కానీ క్యాలెండరు ఇద్దరికీ ఒకటే.

ఇక రెండో పెద్ద జమ ప్రపంచ ఫుట్‌బాల్ పాలక సంస్థ ఫిఫా నుంచి వచ్చేది. ఫిఫా ఫార్వర్డ్ పథకం మూడో విడతలో, అంటే 2023 నుంచి 2026 వరకు, ప్రతి సభ్య సమాఖ్యకు నిర్వహణ ఖర్చుల కింద 50 లక్షల డాలర్ల దాకా, ప్రాజెక్టుల కింద మరో 30 లక్షల డాలర్ల దాకా వస్తాయి. నిర్వహణ భాగాన్ని నాలుగుతో భాగిస్తే ఏడాదికి 12 లక్షల 50 వేల డాలర్లు, మన రూపాయల్లో పది కోట్లకు పైమాటే. దీన్ని నిజంగా మంచి డబ్బు అంటాను, ఎందుకంటే దీనికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి, ఏటా ఆడిట్ జరగాలి, ఏ పనికి అడిగారో ఆ పనికే పెట్టాలి. పిల్లనిచ్చిన మామగారు పెట్టిన బంగారంలా ఇంట్లోనే ఉంటుంది గాని, అవసరానికి అమ్ముకోవడానికి వీలుండదు. అప్పు తీర్చడానికో, ఖాళీ అయిన కౌలు సొమ్ము స్థానంలో వాడుకోవడానికో అది పనికిరాదు.

పైగా అది ఫిఫా అనుగ్రహం ఉన్నంతవరకే. 2022 మేలో సుప్రీంకోర్టు సమాఖ్యను నడపడానికి పాలకుల కమిటీని నియమించాక, బయటివారి జోక్యం పేరుతో ఫిఫా ఆగస్టు 15న మన సమాఖ్యను సస్పెండ్ చేసి 26న ఎత్తివేసింది. పదకొండు రోజులే కదా అనిపిస్తుంది గాని, ఆసియా క్లబ్ పోటీ ఆడటానికి అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ మహిళా జట్టు ఒక్క ఆటా ఆడకుండా తిరిగి రావలసి వచ్చింది. ఆ ప్రయాణపు నష్టం సమాఖ్య ఖాతాలో ఏ పద్దు కిందా కనబడదు.

కేంద్ర ప్రభుత్వం ఏటా శిక్షణ, పోటీల క్యాలెండరు చూసి ఇచ్చే గ్రాంటు మూడోది. అది జట్టు ఫలితాలతోబాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, కాబట్టి జట్టుకు శిక్షణ ఎక్కువ కావలసిన ఏడాదే డబ్బు తక్కువ రావడం దాని స్వభావంలోనే ఉంది. ఆటగాళ్ల నమోదు రుసుములు, కోచింగ్ లైసెన్సు కోర్సుల ఫీజులు చిల్లర పద్దులు. జరిమానాలు కూడా ఒక జమే: 2023 మార్చిలో బెంగళూరు ఎఫ్‌సీతో నాకౌట్ మ్యాచ్ మధ్యలో మైదానం వదిలి వెళ్లిపోయినందుకు కేరళ బ్లాస్టర్స్‌కు క్రమశిక్షణ కమిటీ 4 కోట్ల జరిమానా వేసింది. చొక్కాల సంగతి చెప్పాలంటే, 2018లో నైకీ స్థానంలో వచ్చిన సిక్స్ ఫైవ్ సిక్స్ అనే దేశీయ సంస్థే జాతీయ జట్టు కిట్ తయారీ హక్కు కోసం సమాఖ్యకు డబ్బు చెల్లించిన మొదటి కంపెనీ. అంటే అంతకుముందు దశాబ్దాలపాటు మన జట్టు వేసుకున్న చొక్కా ఎవరికీ కొనాలనిపించని సరుకు.

ఖర్చు వైపు వద్దాం. మలేషియా మ్యాచ్ జరిగిన నెలన్నరకే, డిసెంబరు 31న, అదే గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆఖరి నిమిషాల్లో రబీ హన్సదా కొట్టిన ఒకే ఒక్క గోలుతో బెంగాల్ కేరళను ఓడించి 33వసారి ట్రోఫీ ఎత్తుకుంది. ఇలాంటి పోటీలు జమ తక్కువ, ఖర్చు ఎక్కువ రకం. అయినా సమాఖ్య ఉన్నదే ఇలాంటి వాటికోసం. రైల్లో వచ్చి, హాస్టళ్లలో ఉండి, రెండు రోజులకొక ఆట ఆడే రాష్ట్ర జట్ల కుర్రాళ్లకు పెట్టే ఖర్చును నేనెప్పుడూ దుబారా అనను. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరిది. సంతోష్ ట్రోఫీకి ఆతిథ్యమివ్వడం మన నగరానికి తగిన పనే.

దుబారా అనదగినది మరొకటి ఉంది. పురుషుల జట్టు కోచ్ ఇగోర్ స్టిమాక్‌తో 2026 దాకా ఒప్పందం పొడిగించి, 2024 జూన్‌లో ఆయనను తొలగించి, వివాదం ఫిఫా దాకా వెళ్లాక పరిహారం కింద సమాఖ్య చెల్లించడానికి ఒప్పుకున్నది 4 లక్షల డాలర్లు, సుమారు 3 కోట్ల 36 లక్షల రూపాయలు. మంచి గుమాస్తా ఎవరైనా ఉద్యోగ ఒప్పందంలో ఫలితాలు రాకపోతే ఏం చేయాలో ఒక వాక్యం రాసి ఉంచేవాడు. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన మహిళా జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు సమాఖ్య జట్టు మొత్తానికీ కలిపి ప్రకటించిన బహుమానం 50 వేల డాలర్లు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య కూడా ఆ అర్హత పోటీల బృందంలో ఉన్న అమ్మాయే. పనిలోంచి తీసేసిన ఒక్క మనిషికి ఇచ్చినది, పని సాధించిన జట్టంతటికీ ఇచ్చినదానికి సరిగ్గా ఎనిమిది రెట్లు. ఈ రెండు పద్దులనూ ఒకే పేజీలో చూసిన ఆడిటరు కలం ఒక్క క్షణమైనా ఆగి ఉండాలి.

ఓటమికి కూడా ధర ఉంటుంది. ఖతార్‌లో జరిగిన 2023 ఆసియా కప్‌లో ఆడిన ప్రతి దేశానికీ కనీసం 2 లక్షల డాలర్లు దక్కాయి. 2025 అక్టోబరు 14న మార్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి మన పురుషుల జట్టు 2027 ఆసియా కప్‌కు దూరమైంది కాబట్టి ఆ వరుస ఈసారి ఖాళీ. 2026 ప్రపంచకప్‌లో ఆడే ప్రతి సమాఖ్యకూ, మూడు ఆటలూ ఓడినా సరే, కనీసం కోటి 5 లక్షల డాలర్లు ఇస్తామని ఫిఫా 2025 డిసెంబరులో ప్రకటించింది. రూపాయల్లో అది 90 కోట్లకు అటూఇటూ, అంటే మన సమాఖ్య తీసుకున్న కౌలుకు దాదాపు రెండేళ్ల పాటి. జనాభా మన జిల్లా కేంద్రమంత కూడా లేని కరీబియన్ దీవి క్యురసావ్ ఆ సొమ్ముకు అర్హత సాధించింది.

మన దేశంలో ఫుట్‌బాల్‌కు డబ్బు పెట్టేవాళ్లే లేరనే మాట తరచూ వింటుంటాం. టెండరుకు ఒక్క బిడ్డు కూడా రాని నవంబరు గడిచి నెల తిరగగానే, 2025 డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బంతి ఆడారు. జనం వేల రూపాయల టికెట్లు కొన్నారు, మెస్సీ పక్కన నిలబడి ఫొటో దిగడానికి దాదాపు పది లక్షలు ధర పెట్టారని పత్రికలు రాశాయి. ఆ పర్యటన ప్రైవేటు కార్యక్రమం. సమాఖ్యకు దానితో సంబంధం లేదు, వాటా కూడా లేదు. ఉప్పల్‌లో కూర్చున్నవాళ్లలో పదోవంతు మంది గచ్చిబౌలికి మళ్లీ మళ్లీ వచ్చేలా చేయగల మనిషి సమాఖ్య కార్యాలయంలో ఉంటే, ఆయన జీతం మీద నేను ఒక్క ప్రశ్న కూడా వేయను. 2021-22లో లీగు ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందులతో చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కాబట్టి ఈ ఊళ్లో పెద్ద లీగు చూడాలన్నా ఇప్పుడు టీవీయే గతి.

నక్షత్రాలు వేయడం ఈ రకం రాతల్లో ఆచారం గనక, ఐదుకు రెండు వేస్తున్నాను. ఒకటి సంతోష్ ట్రోఫీ లాంటి రాబడి లేని పనులను ఇన్నేళ్లుగా నడుపుతున్నందుకు, రెండోది చియాంగ్ మాయ్ జట్టును అంతదూరం తీసుకెళ్లిన ఖర్చుకు. జాతీయ క్రీడా పాలన చట్టం 2025 ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే సమాఖ్యలు సమాచార హక్కు పరిధిలోకి వస్తాయి కాబట్టి, పద్దులు అడిగి చదవాలనుకునేవారి పని ఇకపై కొంత సులువవుతుంది. జాతీయ జట్టు మళ్లీ గచ్చిబౌలికి వస్తే మా అబ్బాయికీ నాకూ రెండు టికెట్లు కొంటాను. కౌలు లేని మొదటి ఏడాది లెక్కలు బయటికొచ్చిన రోజు మాత్రం ముందు వాణిజ్య హక్కుల పద్దు ఎదుట ఏ అంకె ఉందో చూసి, ఆ వెంటనే న్యాయవాదుల ఫీజుల పద్దు దగ్గరికి వెళతాను.